బెంచీ-బల్ల కిట్టు: మన డిపోలో ఇచ్చే ‘నాలుగు-రెండు’ దీంట్లో దిగడం లేదు, ఏం చేయాలి?

కరకంబాడి మిద్దె
అందరికీ నమస్కారం. మా బావమరిది డల్లాస్ నుంచి వస్తూ రెండు కిట్లు తెచ్చాడు. మామూలుగా చూస్తే వీపు ఆనించుకునే బెంచీ. ఆ వీపు భాగాన్ని పైకి లేపి అడ్డంగా పడుకోబెడితే బల్ల అవుతుంది, అప్పుడు మనం అటు తిరిగి కూర్చోవాలి. రెండు బెంచీలను వీపులు కలిపి పెడితే మధ్యలో పూర్తి భోజనాల బల్ల, రెండు పక్కలా కూర్చునే చోటు. తిరుపతిలో ఇల్లంటే ఏడాది పొడుగునా దర్శనం చుట్టాలే కదా. సాయంత్రం పూట అందరూ మిద్దె మీదే ఉంటారు, అందుకే ఇది నచ్చింది.

పెట్టెలో వచ్చింది నల్ల ప్లాస్టిక్ బ్రాకెట్లు, బోల్టులు, స్క్రూలు, కాగితం. చెక్క మనమే తెచ్చుకోవాలి. పలకలన్నీ నేరు కోతలే, వాలు కోత ఒక్కటీ లేదు. పలకల పరిమాణం ‘రెండు-నాలుగు’ అని రాసి ఉంది. ఇంట్లో మిగిలిన ద్వారబంధం ముక్క ఒకటి సరిగ్గా నాలుగు-రెండు ఉంటే బ్రాకెట్‌లో పెట్టి చూశాను. అసలు దిగదు. చెక్క ఇంకా కొనలేదు. ఒక్కో బెంచీకి కూర్చునే చోట మూడు పలకలు, వీపుకు నాలుగు, అన్నీ ఆరడుగులవి. ఏ చెక్క తీసుకోవాలి, ఏ కొలతకు కోయించాలి?

చిత్రిక పట్టినోడు
అన్నా, బ్రాకెట్ లోపల కొలిచి చూడు. మూడున్నర అంగుళాలు, ఒకటిన్నర అంగుళం ఉంటాది. మిల్లీమీటర్లలో 89, 38. అమెరికాలో పేరుకే రెండు-నాలుగు. పచ్చి చెక్కను కోసినప్పటి లెక్క అది. ఆరబెట్టి నాలుగు పక్కలా చిత్రిక పట్టినాక అంగట్లో చేతికిచ్చేది ఒకటిన్నర, మూడున్నరే. మన డిపోలో నాలుగు-రెండు అంటే రంపం కింద నిజంగానే నాలుగు, రెండు. వెడల్పులో, మందంలో నాలుగేసి నూళ్లు తేడా (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). సుత్తితో కొట్టి దింపుదామని చూడొద్దు, బ్రాకెట్ చీలిపోతాది.

కరకంబాడి మిద్దె
కొలిచాను. మీరు చెప్పినట్టే ఉంది, లోపల ఇంకో మిల్లీమీటరు వదులు. అయితే నాలుగు-రెండు కొని చిత్రిక పట్టిస్తే సరిపోతుందా?

చిత్రిక పట్టినోడు
సరిపోతాది, దుడ్డు పొట్టులో పోతాది. లెక్క చూడు. రెండు బెంచీలకు పద్నాలుగు పలకలు, ఆరడుగులవి, మొత్తం 84 అడుగులు. నాలుగు-రెండులో అయితే 4.67 ఘనపుటడుగులకు బిల్లు ఏస్తారు. చిత్రిక పట్టినాక నీ చేతిలో మిగిలేది 3.06. మూడో వంతుకు పైన పొట్టే.

డిపోలో ‘నాలుగు-రెండు’ అనే మాటే ఎత్తొద్దు. ‘మూడు ముప్పావు, ఒకటి ముప్పావు కోసియ్యండి’ అను. అది 3.83 ఘనపుటడుగులు అవతాది. పక్కకు ఒక నూలు లెక్కన చిత్రికకు పోతాది, అంతే. చెక్క వంకర లేకుండా ఉంటే ఆ కాస్త చాలు. చెక్క పచ్చిగా ఉందంటే మాత్రం చాలదు, ఆరేటప్పుడు మెలి తిరిగితే సరిచేసేదానికి మందం ఉండదు.

శ్రీసిటీ షిఫ్టు
మా వైపు పైన్ చెక్క దండిగా దొరుకుతుంది సార్. కంపెనీలకు యంత్రాలు వచ్చే పెట్టెలు, ప్యాలెట్లు విప్పి అమ్ముతారు. కిట్టు తయారైంది పైన్ కోసమే కదా. చవక కూడా.

కాట్పాడి లైను
శ్రీసిటీ అన్న చెప్పింది బాగుంది కానీ రెండు విషయాలు. ప్యాలెట్ పలకలు సాధారణంగా నాలుగడుగులు దాటవు, మందం కూడా తక్కువ. ఆరడుగులది కావాలంటే పెద్ద యంత్రాల పెట్టెలకు అడుగున వేసిన దూలాలు చూడాలి.

రెండోది ముద్ర. విదేశాల నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో ‘హెచ్‌టీ’ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారని అర్థం. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పొగ పెట్టారని. అన్నం తినే బల్లకు, పిల్లలు పడుకునే బెంచీకి ఎంబీ చెక్క నేనైతే ఇంట్లోకి రానివ్వను. ముద్రే లేని ముక్కల మీద ఏ రసాయనం ఒలికిందో ఎవరికీ తెలియదు, అవీ వద్దు.

ఇంకోటి, వేడి పట్టించింది లోపలి పురుగు చావడానికే. తర్వాత వచ్చే చెదలను అదేమీ ఆపదు.

అమ్మమ్మ తోట
మా తోటలో (చంద్రగిరి దగ్గర) పైన్‌తో చేసిన ఉయ్యాల బల్ల రెండు వానాకాలాలకే అడుగున మెత్తబడిపోయింది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు రోజుల తరబడి చెక్క ఆరదు. మళ్ళీ ఏప్రిల్, మేలో నలభై దాటిన ఎండ. ఈ రెండూ తట్టుకునేది టేకు, లేదా బాగా చేవ ఉన్న వేప. మా పెరట్లో వేపచెట్టు ఒకటి కొట్టించాలని చూస్తున్నాం, కావాలంటే మాట్లాడదాం.

మురకంబట్టు
అక్కా, కొట్టించే ముందు అనుమతి తీసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం నీళ్ళు, భూమితో పాటు చెట్లకూ వర్తిస్తుంది. సొంత పెరడైనా అడిగి కొట్టుకోవడం మేలు. అదీగాక ఈ నెల కొట్టిన చెట్టు ఈ నెలే బెంచీ కాదు.

ఏడుకొండల గాలి
ఇంత చర్చ ఎందుకబ్బా, మన కొండల్లోనే ఉండాది కదా చెదలు పట్టని చెక్క. ఎర్రగా, నున్నగా 😀

చిత్రిక పట్టినోడు
దానికి చెదలు పట్టదు. నిన్ను మాత్రం టాస్క్‌ఫోర్సు పడతాది.

నిర్వాహకుడు
ఎర్రచందనం జోకులు ఇక్కడితో ఆపుదాం. ప్రతి చెక్క చర్చలోనూ ఇదే. అనుమతి కాగితాలు లేకుండా కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. చర్చ బెంచీ మీద సాగనివ్వండి.

వెల్డింగు మామ
నాకు ఒకటి అర్థం కాలేదు. ఆ ప్లాస్టిక్ ముక్కలకు కొలతలు సరిపెట్టడానికి ఇన్ని తిప్పలు పడే బదులు, ఒకటిన్నర అంగుళాల చదరపు ఇనుప పైపుతో నాలుగు చట్రాలు వెల్డింగు చేయించుకుంటే అయిపోతుంది. ఏ మందం చెక్క ఉంటే ఆ మందం బిగించుకోవచ్చు. ప్లాస్టిక్ మన ఎండకు ఎన్నేళ్ళు ఆగుతుంది?

కాట్పాడి లైను
మామా, మీరన్నది చట్రం వరకు నిజం. కిట్టులో మనం డబ్బు పెట్టేది ప్లాస్టిక్‌కు కాదు, ఆ కీలు ఎక్కడుందో దానికి. బెంచీగా ఉన్నప్పుడు కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు రావాలి, వీపు కాస్త వెనక్కి వాలాలి. అదే పలక తిరిగి బల్ల అయినప్పుడు 28 నుంచి 30 అంగుళాల ఎత్తులో మట్టంగా నిలవాలి, మోకాళ్ళకు కింద చోటు మిగలాలి. ఇన్నీ ఒకే కీలుతో కుదరాలి. కీలు అంగుళం అటూఇటూ అయితే బల్ల ఒక పక్కకు దిగుతుంది, లేదా వీపు నిటారుగా బడి బెంచీలా తయారవుతుంది. ఇనుముతో చేయించాలంటే ముందు కిట్టు బ్రాకెట్‌ను అట్ట మీద పెట్టి గీసుకుని, అట్ట చట్రం తిప్పి చూసి, అప్పుడు వెల్డింగు.

ఎండ సంగతి: నల్ల ప్లాస్టిక్‌లో నలుపు కోసం కలిపే మసి ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు మింగేస్తుంది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు పెళుసైపోయినంత తొందరగా ఇది పోదు. కానీ మధ్యాహ్నం ముట్టుకుంటే చుర్రుమంటుంది.

వెల్డింగు మామ
అట్ట మాట బాగుంది. అయినా నేను ఇనుమే అంటాను. పౌడర్ కోటింగు చేయిస్తే తుప్పు బెడద తగ్గుతుంది, ప్లాస్టిక్ విరిగితే డల్లాస్ నుంచి మళ్ళీ బావమరిది రావాలి.

కరకంబాడి మిద్దె
బావమరిది ఏడాదికోసారి వస్తాడు లెండి. కిట్టు ఉంది కాబట్టి దానితోనే చేస్తాను. ఇంతకీ టేకా, మద్దా? డిపో ఆయన నల్లమద్ది గట్టిది, తీసుకోమంటున్నాడు.

చిత్రిక పట్టినోడు
మద్ది గట్టిదే, కాదనను. బరువు చూసుకో. తిరిగే వీపులో నాలుగు పలకలు ఉండాయి గదా. ఆ నాలుగే టేకులో సుమారు 16 కిలోలు, మద్దిలో 21 దాకా పోతాది, పైన్‌లో 12 లోపల. ఆ కీలును పైన్ బరువుకు చేసుంటారు. రోజూ లేపి దించేది ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లోళ్ళు. మద్ది ఇంకోటి, పచ్చిది కోసి ఎండలో పెడితే మూలలు పగిలి మెలి తిరుగుతాది. మా నాయన మద్ది పలకలు నీడలో, వరసకు వరసకు మధ్య సన్న బద్దలు పెట్టి పేర్చేవాడు, కొనలకు రంగు పూసేవాడు. కొనల్లోంచే తేమ తొందరగా పోయి పగుల్తాది గాబట్టి. అంత ఓపిక, చోటు ఉంటే మద్ది తీసుకో. లేదంటే టేకు.

కొత్త టేకు రేటు విని భయపడితే పాత ఇళ్ళు పడగొట్టే చోట దూలాలు, వాసాలు అడుగు. దశాబ్దాలు ఆరిన చెక్క, ఇంక మెలి తిరిగేది ఏమీ ఉండదు. అయితే మేకులు వెతికి పీకించి పెట్టు, లేదంటే మిల్లోడు రంపం పళ్ళు పోయినాయని నీ మీద పడతాడు. చిన్న అయస్కాంతం దారానికి కట్టి పలక మీద ఆడిస్తే దాగిన మేకు ఉన్నచోట ఊగేది ఆగి అతుక్కుంటాది.

పాకాల బండి
మాధవమాలలో ఇస్తే నున్నగా చేసిస్తారేమో?

చిత్రిక పట్టినోడు
వాళ్ళు విగ్రహాలు చెక్కేవాళ్ళు సామీ. వాళ్ళకిచ్చి బెంచీ పలక చిత్రిక పట్టమంటావా.

అమ్మమ్మ తోట
పలకల పొడవు ఎనిమిది అడుగులు చేయించుకోవచ్చా? మాకు పెద్ద కుటుంబం.

కాట్పాడి లైను
అక్కా, చేయించుకోవచ్చు కానీ వంగుతుంది. పలక రెండు కొనల మీద ఆనినప్పుడు, నడిమధ్య ఒక మనిషి కూర్చుంటే వచ్చే వంపు పొడవుకు ఘనంతో పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిదికి పోతే అదే మనిషికి వంపు దాదాపు 2.4 రెట్లు. పలక వెడల్పు వైపు పడుకుని ఉంటుంది, అంటే మందం 38 మిల్లీమీటర్లే పనిచేస్తుంది. ఎనిమిది అడుగులైతే మధ్యలో మూడో చట్రం తప్పదు. లేదా పలకల అడుగున అడ్డంగా ఒక బద్ద వేసి అన్నింటినీ కలిపి బిగించండి. అప్పుడు ఒక్కరి బరువు ఒక్క పలక మీద కాకుండా మూడింటి మీదా పంచుకుంటుంది. ఆరడుగులకు కూడా ఆ అడ్డబద్ద మంచిదే.

కరకంబాడి మిద్దె
స్క్రూలు కిట్టువి సరిపోతాయా? పలకల మధ్య సందు ఎంత వదలాలి?

కాట్పాడి లైను
కిట్టు స్క్రూలు పైన్ కోసం. టేకులోకి ముందు డ్రిల్‌తో రంధ్రం వేయకుండా తిప్పితే తల తెగిపోతుంది, లేదా పలక కొన చీలుతుంది. స్క్రూ మరల లోపలి కాడ ఎంత లావుందో అంత రంధ్రం. తక్కువ పడితే 304 స్టెయిన్‌లెస్ కొనండి. ఫాల్స్ సీలింగుకు వాడే నల్ల స్క్రూలు మాత్రం వద్దు, పెళుసు, బయట తుప్పు పడతాయి.

సందు: ఆరిన చెక్కకు ఐదారు మిల్లీమీటర్లు. వానాకాలంలో వెడల్పు వైపు ఉబ్బుతుంది, పొడవు వైపు దాదాపు మారదు. నీళ్ళు కూడా ఆ సందులోంచే జారాలి. 89 చొప్పున నాలుగు పలకలు, మధ్యలో ఆరు చొప్పున మూడు సందులు అంటే 374. రెండు బెంచీలు కలిస్తే 748 మిల్లీమీటర్లు, రెండున్నర అడుగులకు కాస్త తక్కువ. ఎదురెదురుగా రెండు విస్తళ్ళు పట్టి మధ్యలో గిన్నెలకు కొంచెం చోటు మిగులుతుంది.

ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. పలక కొన దూరే బ్రాకెట్ గూడు నీళ్ళ తొట్టిలా పనిచేస్తుంది. గూటి అడుగున చిన్న రంధ్రం వేయండి. దూర్చే ముందు పలక కొనలకు నూనెగానీ రంగుగానీ రెండు మూడు సార్లు పట్టించండి. చెక్క నీళ్ళు తాగేది కొనల్లోంచే. కుళ్ళడం మొదలయ్యేది కూడా అక్కడే.

మురకంబట్టు
పైన పాలిష్ ఏది? వార్నిష్ కొడితే మెరుపు బాగుంటుంది.

చిత్రిక పట్టినోడు
మెరుపు మొదటి ఎండాకాలం దాకానే. తర్వాత పొక్కులు లేచి, దాని కింద నీళ్ళు చేరి నల్ల మచ్చలు పడతాయి. మళ్ళా గీకి కొట్టాల. నూనె అయితే గుడ్డతో పూసుకుంటే చాలు, ఏడాదికోసారి, వానలకు ముందర. ఏమీ పుయ్యకపోయినా టేకు బూడిద రంగుకు తిరుగుతాది గానీ చెడిపోదు. ఆ రంగు నచ్చేవాళ్ళూ ఉండారు.

కాట్పాడి లైను
అవిసె నూనె వాడేవాళ్ళకు ఒక మాట. పూసిన గుడ్డను ఉండ చేసి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. మన మే నెలలో మరీ ప్రమాదం. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్‌లో వేయండి.

ఏడుకొండల గాలి
ఈసారి జోకు కాదు. మాది అలిపిరి వైపు. కోతులు వస్తాయి. బల్ల చేసి వదిలేస్తే అంచు మీదికి దూకుతాయి. ఒక్క బెంచీని బల్లగా తిప్పి పెట్టినప్పుడు వెనక్కి పడదా?

కాట్పాడి లైను
మంచి ప్రశ్న. బల్లగా ఉన్నప్పుడు దాని అంచు వెనక కాళ్ళ కంటే బయటికి వస్తుంది. కూర్చునే పలక మీద ఎవరూ లేకుండా ఆ అంచు మీద ఒక పిల్లవాడు ఎక్కితే వెనక్కి ఒరగవచ్చు. రెండు బెంచీలు కలిపినప్పుడు ఒకదానికొకటి ఆసరా, కానీ జరిగిపోకుండా అడుగున తలుపు కొక్కెం లాంటిది వేసి కట్టేయండి. ఒంటరిగా వాడేటప్పుడు బల్లను గోడ వైపు పెట్టండి. పని అయ్యాక మళ్ళీ బెంచీగా దించేయండి.

తిప్పేటప్పుడు వేళ్ళ సంగతి కూడా. పదహారు కిలోల వీపు భాగం జారి దిగితే కీలు దగ్గర పెట్టిన వేలు నలిగిపోతుంది. ఆపే పిన్ను రెండు పక్కలా పడిందని చూశాకే చేయి వదలాలి. పిల్లలకు ఈ పని ఇవ్వకండి.

అమ్మమ్మ తోట
నేల మీద పెట్టుకునేవాళ్ళకు: కాళ్ళ కింద కడప బండ ముక్కలు వేయండి. మట్టి మీద నేరుగా పెడితే టేకు చేవకు కాకపోయినా, పక్కనుండే తెల్ల చెక్కకు చెదలు ఎక్కుతాయి. డిపోలో పలక తీసుకునేటప్పుడు ఆ తెల్ల భాగం ఎంత ఉందో చూసుకోండి. రంగు పూసేశాక తెలియదు.

కరకంబాడి మిద్దె
ఈ చర్చను మళ్ళీ పైకి తెస్తున్నాను, వానలు కూడా అయిపోయాయి కాబట్టి. పడగొట్టిన పాత ఇంటి టేకు వాసాలు దొరికాయి, మూడు ముప్పావు, ఒకటి ముప్పావుకు కోయించి చిత్రిక పట్టించాం. మిల్లుకు బ్రాకెట్ చేతిలో పట్టుకుపోవడం ఎంత మేలైందో. ఆయనకు మిల్లీమీటర్లు చెప్పే పని లేకపోయింది, ప్రతి పలక కొనా అందులో దూర్చి చూసి పక్కన పెట్టాడు. గూళ్ళకు రంధ్రాలు వేశాను, వానల్లో నీళ్ళు నిలవలేదు. బెంచీలుగా బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఒకటే తంటా. రెండూ కలిపి బల్ల చేస్తే మధ్యలో ఒక బల్ల ఇంకోదానికంటే రెండు నూళ్ల ఎత్తు. గిన్నె జరిపితే తట్టుకుంటోంది. బ్రాకెట్లన్నీ మళ్ళీ విప్పి కొలిచాను, అన్నీ ఒకే ఎత్తు. ఎక్కడుంది తేడా?

వెల్డింగు మామ
ఇనుముతో చేయించుకుని ఉంటే...

చిత్రిక పట్టినోడు
బెంచీల్లో లేదన్నా, మిద్దెలో ఉంది. వాననీళ్ళు గొట్టం వైపు పోయేదానికి మేస్త్రీ వాలు పెట్టి ఉంటాడు. ఆ వాలు అంతటా ఒకేలా ఉండదు, రెండు బెంచీల మధ్యన మారేట్టు అడ్డంగా పెట్టినావు. బల్ల పొడుగు వాలు వెంబడి వచ్చేట్టు తిప్పి పెట్టు, రెండూ ఒకే మట్టానికి వస్తాయి. అప్పుడు పొడుగునా కొంచెం దిగుడు ఉంటాది, తినేటోళ్ళకు తెలీదు. అది కూడా వద్దంటే పల్లం పక్క కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు పెట్టు. కాళ్ళను మిద్దెలోకి డ్రిల్ చేసి బోల్టు మాత్రం కొట్టొద్దు, కింద గదిలో కారతాది.

కరకంబాడి మిద్దె
తిప్పి పెట్టాను. సరిపోయింది. పొడుగునా మట్టం గొట్టం పెట్టి చూస్తే బుడగ పక్కకు పోతోంది కానీ సాంబారు గిన్నెలో తెలియడం లేదు.

పాకాల బండి
అన్నా, టేకు వాసాలు ఏమైనా మిగిలాయా? మాకు ఒక్క బెంచీకి చాలు, ఏడు పలకలు. వచ్చి తీసుకుపోతాం.

కరకంబాడి మిద్దె
మూడే మిగిలాయి తమ్ముడూ, అందులో ఒకదాంట్లో మేకు ఉంది. ప్రైవేటు సందేశం పెట్టు.